కబ్బను తోటలో శనివారపు చదువరులు

బెంగుళూరునకు బోయిన ఆంధ్రస్త్రీలు సామాన్యముగా జూచివచ్చునవి లాలుబాగు, బసవనగుడిలోని పెద్దనంది, విధానసౌధము, చిక్కపేటలోని పట్టుచీరల అంగళ్లు. కబ్బను తోటను జూడనివారు లేరు గాని, అది వారికి విధానసౌధమునకు బోవు త్రోవలోని పచ్చదనము మాత్రమే. కాని శనివారమునాడు ప్రొద్దుట ఆ తోటలోనికి బోయినచో అంతకంటె వింతయైన దృశ్యమొకటి కనబడును. చెట్లనీడలయందు చాపలును దుప్పట్లును బఱచుకొని, పలువురు కూర్చుండియో, పరుండియో, చెట్టుమొదలునకు వీపు చేరవైచియో యుందురు. ఒక్కరును మాటలాడరు. ప్రతివారి చేతిలోను ఒక పుస్తకము. మొదట జూచినపుడు ఇది యేదో పరీక్షకు జదువుచున్న విద్యార్థుల గుంపని నేననుకొంటిని. దగ్గఱకు బోయి చూడగా తల నెఱసినవారును, చంటిబిడ్డను ప్రక్కను బరుండబెట్టుకొన్న తల్లులును అందు గలరు. ఆనాడు స్త్రీలే యెక్కువగా నుండిరి.

ఈ తోట పుట్టుపూర్వోత్తరములు కొంచెము చెప్పవలయును. 1870వ సంవత్సరమున, మైసూరు రాజ్యము ఆంగ్లేయ కమీషనర్ల పాలనలో నున్నపుడు, ముఖ్య ఇంజనీరగు రిచర్డు సాంకీ దీనిని నిర్మించెను. ఎదుట నున్న ఎఱ్ఱని అఠారా కచేరి భవనమును ఆయన గీసిన పటమే. నేడది ఉన్నత న్యాయస్థానము. తోటకు మొదట అప్పటి కమీషనరు మీడు పేరు పెట్టిరి. తరువాత 1834 మొదలు 1861 వఱకు కమీషనరుగా నుండిన మార్కు కబ్బను పేరు పెట్టిరి. ఆయన చనిపోయిన తొమ్మిదేండ్లకు గాని తోట పుట్టలేదు. కావున తన పేరుగల తోటను ఆయన కన్నులార జూడనే లేదు. 1927లో, కృష్ణరాజ ఒడయరుగారి పాలనకు ఇరువదియైదేండ్లు నిండిన సందర్భమున, దీనికి శ్రీ చామరాజేంద్ర ఉద్యానమని నామకరణము చేసిరి. కాగితములలో నేటికిని అదియే పేరు. జనుల నోట మాత్రము కబ్బనే నిలిచినది. ఊరికి బేరు పెట్టుట ప్రభువులకు సులభము గాని, పిలిపించుకొనుట సులభము కాదు!

తోట విస్తీర్ణము సుమారు 300 ఎకరములు. వెదురుపొదలు, నిద్రగన్నేరులు, వెండిఓకులు, తురాయిచెట్లు, పేరెఱుగని విదేశవృక్షములు పెక్కు గలవు. నడుమ ఎఱ్ఱరంగు గోడలతో శేషాద్రి అయ్యరు స్మారకభవన మున్నది. ఈయన 1883 మొదలు 1901 వఱకు మైసూరు దివానుగా బనిచేసి, శివసముద్రము జలపాతమునుండి కోలారు బంగారుగనులకు విద్యుచ్ఛక్తి నందించు పనికి బూనుకొన్న మహానుభావుడు. ఆ భవనములోనే సార్వజనిక గ్రంథాలయము గలదు. ఎదుట గులాబితోట. లోపల బీరువాలనిండ పుస్తకములు, వెలుపల గడ్డిమీద చదువరులు. ఎవరి పుస్తకము వారు తెచ్చుకొని, గ్రంథాలయము ప్రక్కనే ఆకాశము క్రింద గూర్చుండి చదువుట కొందఱికి వేడుకగా దోచవచ్చును. దీనికి ఆ యూరి గాలియే కారణము. బెంగుళూరు సముద్రమట్టమునకు సుమారు 3,000 అడుగుల యెత్తున నున్నది. వైశాఖమాసమున బెజవాడలో నొక చెట్టుక్రింద రెండుగంటలు పుస్తకము పట్టుకొని కూర్చుండ జూడుడు; పుస్తకముతోబాటు మనమును వడలిపోదుము.

ఈ చదువు ఎవరు మొదలుపెట్టిరన్నచో, 2023 జనవరిలో ఒక యువకుడును ఒక యువతియు సైకిళ్లమీద ఈ తోటకు వచ్చి, మౌనముగా దమ పుస్తకములు చదువుకొని పోవుచుండిరి. ఆ సంగతిని తమ స్నేహితులకును, చరవాణి మూలమున లోకమునకును దెలిపిరి. మఱుసటి శనివారములందు ఇతరులు వచ్చి ప్రక్కన గూర్చుండిరి. అంతే. దానిని సంఘమనుటకు సంఘలక్షణ మొకటియు దానికి లేదు. చందా లేదు, సభ్యుల పట్టిక లేదు, అధ్యక్షుడు లేడు, ఉపన్యాసము లేదు, వందనసమర్పణము లేదు. మన మహిళాసమాజముల వార్షికోత్సవములకు బోయినవారికి ఈ చివరి రెండును లేకపోవుట యెంత సుఖమో నేను చెప్పనక్కఱలేదు. ఎవరెప్పుడు వచ్చినను సరియే, ఎవరెప్పుడు పోయినను సరియే. ఏ భాషలో నే పుస్తకమైనను సరియే. మాటలాడకుండుట యొక్కటే నియమము.

ఒక యేడాది తిరుగునప్పటికి ఈ పద్ధతి ఢిల్లీలోని లోధీ తోటకును, బొంబాయి జుహూకును, మన హైదరాబాదునకును, ఇంకను దేశవిదేశములలోని పదులకొలది నగరములకును బ్రాకినది. ఇటువంటిదే మఱియొకటి అంతకు ముందే అమెరికాలోని సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున నుండెను. 2012లో ఇద్దఱు స్నేహితురాండ్రు దానిని స్థాపించిరి. పుస్తకచర్చల సభలకు బోవలయునన్నచో అందఱును ఒకే పుస్తకమును గడువులోపల జదివి, ఏదో గొప్పగా మాటలాడవలయును గదా. ఆ బాధ తమకు వద్దనుకొని, ఎవరి పుస్తకము వారు మౌనముగా జదువుకొను కూటమిని వారు కల్పించిరి. అచ్చట మొదట కొంతసేపు తామిప్పుడేమి చదువుచున్నారో ఒకరికొకరు చెప్పుకొందురు. తరువాత గంటసేపు నోరు మూసికొని చదువుకొందురు. నాకీ పద్ధతి మిక్కిలి నచ్చినది. పుస్తకమును బూర్తిచేసినవాని యభిప్రాయము వేఱు, నడుమ నున్నవాని యుత్సాహము వేఱు. కథ యెట్లు ముగియునో తెలియక తహతహలాడువాడు చెప్పిన మాటయే విన్నవారిచే పుస్తకమును బట్టించును.

కబ్బను తోటలో ఆ చెప్పుకొనుట నోటితో గాదు. చదువు ముగిసినపిదప అందఱును ఒకచోట జేరి ఛాయాచిత్రము తీయించుకొందురు. అప్పుడు ప్రతివారును తాము చదువుచున్న పుస్తకముపై యట్ట కనబడునట్లు ఎత్తి పట్టుకొందురు. ఆ నిమిషములో చూడవలయును వారి కన్నులు! ఛాయాచిత్రము తీయువానిని జూచువారు కొలదిమంది. తక్కినవారందఱును మెడలు సారించి ప్రక్కవారి పుస్తకముల పేర్లు చదువుచుందురు. ఒకరు తలయూపుదురు, ఒకరు నవ్వుదురు, ఒకరు పేరు వ్రాసికొందురు. పేరంటములో చీర యంచును జూచి ధర యడుగుటకు మనము అలవాటుపడినవారము గదా. ఇదియు నట్టి యాసక్తియే, వస్తువు మాత్రము వేఱు.

నేనును మెడ సారించితిని. ఆంగ్లనవలలు హెచ్చుగా నుండెను. డబ్బు సంపాదించుట యెట్లు, తెల్లవాఱుజామున లేచుట యెట్లు అని బోధించు పుస్తకములును తక్కువ లేవు. తోటలో నీడను గూర్చుండి డబ్బు లెక్కలు చదువువారిని జూచి నాకు గొంచెము జాలి కలిగినది. కన్నడ పుస్తకములలో కువెంపుగారి పెద్దనవల నొకచోటను, భైరప్పగారి ‘పర్వ’ నొకచోటను జూచితిని. ముగ్గురి చేతులలో బాను ముష్తాకుగారి కథలుండెను. ఒకరికి కన్నడములో, ఇద్దఱికి ఆంగ్లములో. కర్ణాటకములోని ముస్లిము కుటుంబముల స్త్రీల బ్రదుకులను గూర్చి ఆమె ముప్పదియేండ్లకు బైగా వ్రాసిన కథలలో కొన్నిటిని దీపా భాస్తిగారు ఆంగ్లీకరింపగా, ఆ సంపుటమునకు 2025లో అంతర్జాతీయ బుకరు బహుమానము వచ్చిన సంగతి సోదరీమణు లెఱిగియుందురు. కన్నడమున వ్రాసిన గ్రంథమునకు అది మొదటిసారి. ప్రక్కయింటి స్త్రీ కన్నీటిని లండను నగరమువారు మెచ్చినపిదప గాని మనము చదువమా యని యడుగవచ్చును. ఎట్లు చదివినను మేలే యని నాయభిప్రాయము.

తెలుగు పుస్తకము ఒక్కటే కనబడినది. అది యొక వృద్ధురాలి చేతిలో నుండెను.

ఆమెకు డెబ్బదియేండ్లకు బై మాటే. మదనపల్లె ప్రాంతపు ఆడపడుచు. పెండ్లియై బెంగుళూరునకు వచ్చి యేబదియేండ్లు దాటినది. మడతకుర్చీ యొకటి తెచ్చుకొని వెదురుపొద ప్రక్కను గూర్చుండి, యద్దనపూడి సులోచనారాణిగారి ‘సెక్రటరీ’ చదువుచుండెను. కాగితము పసుపువన్నె దిరిగి, అట్ట నాలుగుచోట్ల అంటించియుండెను. అందఱును లేచి చాపలు చుట్టుకొను వేళకు నేనామె దగ్గఱకు బోయి పలకరించితిని.

“పెద్దమ్మగారూ, ప్రతి శనివారమూ వస్తారా?”

“వస్తాను తల్లీ. శనివారమైతే కొడుకూ కోడలూ ఇంట్లో ఉంటారు, పిల్లోణ్ణి వాళ్లు చూసుకుంటారు. కోడలే నన్ను రైలెక్కించి పంపుతుంది.”

“ఇంట్లో చదువుకోవడానికి వీలుకాదా?”

ఆమె నవ్వినది. “ఇంట్లో నన్నెవురూ చదవద్దనరమ్మా. బంగారం లాంటి పిల్లలు. కానీ మా ఆయన పేపరు పట్టుకుంటే ‘నాయన చదువుతా ఉండాడు’ అంటారు. నేను పుస్తకం పట్టుకుంటే ‘అమ్మ ఊరికే కూర్చోనుంది’ అంటారు. ఊరికే కూర్చోనున్న మనిషిని పిలవడానికేం? ఇక్కడ చూడు, మూడు గంటలైంది, ఒక్కరన్నా పిలిచినారా?”

ఈ మాట నన్ను నిలువున నాపినది. ఆమె యింటివారిలో దోషమేమియు లేదు. బలవంతము లేదు, నిందలేదు, నిషేధము లేదు. అయినను ఆ పుస్తకమును ముగించుటకు ఆమె పది క్రోసుల దూరము రావలసివచ్చినది. స్త్రీల కక్షరములు వలదన్న కాలము పోయి యెన్నో తరములైనవి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1883లో ‘సతీహితబోధిని’ని మొదలిడినపు డది యుద్ధము. భండారు అచ్చమాంబగారు 1901 నాటికి ‘అబలా సచ్చరిత్రరత్నమాల’ను వెలువరించినపు డామె యొంటరి. ఆ యుద్ధము గెలిచితిమి. చదువ వచ్చినది, చదువుటకు వేళ మాత్రము రాలేదు. పురుషుని చదువు పని, స్త్రీ చదువు తీరిక యను లెక్క యింకను మన యిండ్లలో నడచుచునేయున్నది. దీనిని గొడవపడి మార్చలేము. ఏలయన గొడవకు ప్రతిపక్షి లేడు. వంటయింటి కుక్కరు మూడవ యీలకూతతో వాదించువారెవరు?

ఆమె చేతిలోని పుస్తకమునకు ఒక చరిత్ర గలదు. కన్నెఱికమున మదనపల్లెలో ఆమెయు, ప్రక్కయింటి స్నేహితురాలును అద్దెపుస్తకముల దుకాణమునుండి నవలలు తెప్పించుకొనెడివారట. అద్దె దినమునకింత. కావున పగలు ఒకతె, రాత్రి యొకతె చదువవలయును. ఎవరెంతవఱకు జదివిరో పుటమూల మడిచి గుర్తుంచుట, ముందు సంగతి చెప్పరాదని ఒట్టు పెట్టుకొనుట, చెప్పకుండ నుండలేక గోడమీదుగా సైగచేయుట! ఆ స్నేహితురాలు పెండ్లినాడు ఈమెకు గొనియిచ్చిన ప్రతి ఇది. అప్పుడు చదివినదే ఇప్పుడు మఱల జదువుచున్నది. “అప్పుడు జయంతి ఏమంటే అదే కరెక్టనిపించేది. ఇప్పుడు పెద్దవాళ్ల మాటలూ వినబడతా ఉండాయి” అని యామె యన్నది.

తాము చదువుచున్న దానిని ఒకరికొకరు చెప్పుకొనుట కబ్బను తోటలో బుట్టినది గాదని యీమెను జూచిన తెలియును. మన స్త్రీలు దీనిని ఎఱుగనివారు గారు. వారపత్రికలలోని ధారావాహికలను పుటలు చింపి, దారముతో గుట్టి, వీధివీధియంతయు చదివి యిచ్చిన యిండ్లెన్నియో. 1928లో మద్రాసునుండి కేసరిగారు ‘గృహలక్ష్మి’ని బ్రారంభించినపుడు, కనుపర్తి వరలక్ష్మమ్మగారు అందు ‘శారద లేఖలు’ పేర స్నేహితురాలికి జాబులుగా వ్రాసిన వ్యాసములు వేలకొలది యిండ్లకు జాబులే యైనవి. మాలతీ చందూరుగారు ‘పాత కెరటాలు’ అను శీర్షికక్రింద విదేశనవలలను తెలుగు గృహిణులకు బరిచయము చేసిరి. ఆంగ్లమురాని స్త్రీలు సయితము ఆ నవలలను గూర్చి మాటలాడుకొనిరి. మన గ్రంథాలయోద్యమమున 1935లో పాతూరి నాగభూషణముగారు గుంటూరు మండలమున కాలువలపై పడవలో బుస్తకములను ఊరూరికి బంపిరి. గ్రంథాలయపు గడప నెక్కుటకు జంకు స్త్రీలకు పడవ యింటియొద్దకు వచ్చుట యెంతటి యుపకారమో యూహింపవచ్చును.

కాని యొక భేదమున్నది. గోడమీద మాటలాడుకొన్న చదువు ఇంటిపనిలోనుండి దొంగిలించిన చదువు. కుంపటిమీద పాలు పొంగకుండ నొక కన్ను, పుటమీద నొక కన్ను. ఈ తోటలోని చదువు దొంగిలించినది గాదు. పగటివెలుతురులో పదిమంది నడుమ గూర్చుండి ఇది నా పని యని చెప్పుకొన్న చదువు. అందఱును మౌనముగా నుండుటచేతనే ఒంటరిస్త్రీ చెట్టుక్రింద నిశ్చింతగా గూర్చుండగలుగుచున్నది. గుంపు లేనిచో ఆమెను నిమిషమున కొకడు చూచిపోవును. ఈ సంగతి అచ్చట వచ్చిన యువతు లిద్దఱు నాతో వేర్వేఱుగా జెప్పిరి.

లోపములు లేవనను. ఆ గుంపులో మంచి యుద్యోగములు చేయువారే యెక్కువ. తోటను ఊడ్చు స్త్రీలు ఆ చాపలను దప్పించుకొనుచు జీపురు నడిపిరి గాని ఒక్కతెయు గూర్చుండలేదు. శనివారము వారికి సెలవు గాదు. ఛాయాచిత్రముల మోజుతో వచ్చి పుస్తకము దెఱవకయే పోవువారును గలరు. మన భాషలో నొక్క పుస్తకము మాత్రమే కనబడుట నాకు మఱియు దిగులు గలిగించినది. బెంగుళూరులో తెలుగు వినబడని వీధి యరుదు. అయినను ఇంట తెలుగు మాటలాడుచు, బడిలో కన్నడమును ఆంగ్లమును నేర్చి, తెలుగులిపి యెఱుగకుండ బెరిగినవారు అచ్చట లెక్కకు మిక్కిలి.

వారిలో నొకతె నా కన్నులయెదుటనే వచ్చినది. పందొమ్మిది యిరువదియేండ్ల పిల్ల, తన ఆంగ్లనవలను చంకను బెట్టుకొని పెద్దమ్మగారి కుర్చీ ప్రక్క మోకరిల్లి, “అవ్వా, ఇది తెలుగు బుక్కు కదా? మా అమ్మమ్మ ఇంట్లో ఇట్లాంటివి ఒక పెట్టెడు ఉన్నాయి. పేరేంది?” అని యడిగినది.

“నువ్వే చదువు.”

“నాకు తెలుగు రాదు అవ్వా. కన్నడ వచ్చు.”

“ఐతే సగం వచ్చినట్టే. చదువు.”

తెలుగు కన్నడ లిపులు అక్కచెల్లెండ్రు గదా. పిల్ల వ్రేలు పెట్టి ‘సె’ యన్నది. తరువాతి యక్షరముకడ నాగినది. మన ‘క’కును కన్నడపు ‘క’కును పోలిక లేదు, తలకట్టును వేఱు. దానిని దాటి ‘ట’ యన్నది, ‘రీ’ యన్నది. నడుమ నేమి యుండునో తానే యూహించి, గట్టిగా నవ్వి, మౌననియమము జ్ఞాపకమువచ్చి నోటిమీద చేయి పెట్టుకొన్నది. పెద్దమ్మగారు ఆమె యఱచేతిలో వ్రేలితో ‘క’ వ్రాసిచూపినది. పిల్ల తన నవల పేరు చెప్పి, అందులో నొక ముసలియామె వంటయింటిని విడిచి యూరేగిపోవు సంగతిని మూడు వాక్యములలో జెప్పినది. “తర్వాత?” అని పెద్దమ్మగారడుగగా, “అంతవరకే చదివినాను అవ్వా” అన్నది.

పోదలచిన సోదరీమణులకు రెండు మాటలు. తోటప్రక్కనే భూగర్భమున మెట్రోరైలు స్టేషనున్నది; దాని పేరును కబ్బను పార్కే. టిక్కెట్టు, ప్రవేశరుసుము లేవు. చాపయో, వృద్ధులైనచో మడతకుర్చీయో, త్రాగుటకు నీళ్లును దీసికొనిపోవలయును. జేష్ఠమాసము మొదలుకొని ఆ యూర నెప్పుడు చినుకు పడునో తెలియదు గనుక పుస్తకమునకు గప్పుటకొక మైనపుగుడ్డ యుండుట మంచిది. పుస్తకము తెలుగుదైనచో అట్ట పైకి కనబడునట్లు పట్టుకొనుడు. ఎవరో యొకరు వచ్చి యడుగుదురు. బెంగుళూరు దూరమైనవారు తమ యూరి తోటనో, చెఱువుగట్టునో, దేవాలయపు మండపమునో చూచుకొని ఇద్దఱు ముగ్గురు గూర్చుండినను చాలును. కబ్బను తోటలో మొదట గూర్చుండినవారును ఇద్దఱే.

నేను బయలుదేఱునప్పటికి పండ్రెండు దాటినది. చాపలవారు చాలవఱకు వెడలిపోయిరి. నీడ తొలగినందున పెద్దమ్మగారు కుర్చీని వెదురుపొదలోనికి గొంచెము జరుపుకొని మఱల పుస్తకము దెఱచినది. కోడలు ఒంటిగంటకు స్టేషనుకడకు వచ్చునట. కథలో నింకను నలుబది పుటలు మిగిలియున్నవి.